రైలు చప్పుడూ మామయ్య గొంతూ

ఎలక్ట్రానిక్ సామాన్ల షాపు. గాజు బల్లకి ఇటువైపు మామగారూ అల్లుడూ, అటువైపు సరుకు చూపించే అమ్మాయి.

"...అదేనమ్మా నేననేది. రైలు చప్పుడు వినపడకూడదు. రైలు చప్పుడు వినపడకూడదు."

"అర్థమైంది అంకుల్. ఒకసారి చెబితే చాలు."

"చాలదమ్మా. ఉద్యోగం చేసినన్నాళ్ళూ బస్టాండులో మైకు దగ్గర కూర్చున్నవాణ్ణి. మొదటిసారి చెబితే జనం తలెత్తుతారు. రెండోసారి చెబితేనే వింటారు. ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైనా నేను రెండుసార్లే చెబుతాను."

"సరే అంకుల్. ఇంతకీ హెడ్‌ఫోన్లు ఎవరికి, మీకా, ఈ సర్‌కా?"

"మా అల్లుడికి. ప్రయాణం ఇద్దరిదీ, చెవులు మాత్రం అతనివి."

"సర్, చెవి మొత్తం కప్పేవి చూపించనా, చెవి లోపల పెట్టుకునేవా?"

"అంటే, నాకు..."

"కప్పేవి. కప్పేవే చూపించు."

"రంగు సర్?"

"నీ..."

"నలుపు. మాసినా తెలీదు."

"నీలం అందామనుకున్నాను మామయ్యా."

"నీలం నీకు నప్పదు బాబూ. నలుపు, నలుపు."

"ఎంతలో చూపించమంటారు సర్? సర్‌ని అడుగుతున్నాను అంకుల్."

"అతన్ని అడిగి లాభం లేదమ్మా. ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. ఊళ్ళోవాళ్ళ వాక్యాలన్నీ సరిచేస్తాడు గానీ, సొంత వాక్యం ఒక్కటీ పూర్తిచెయ్యడు. తక్కువలో మంచివి చూపించు. తక్కువలో..."

"మంచివి. సరే."

"చూశావా, రెండోసారికి నీ నోటికే వచ్చేసింది!"

"దూర ప్రయాణమా అంకుల్?"

"రాత్రంతా, మళ్ళీ మర్నాడు సాయంత్రం దాకా. మా అమ్మాయి దగ్గరికి. దానికి వేరే ఊరు బదిలీ అయింది. అక్కడే ఉండిపోతుందా, తిరిగి వస్తుందా అన్నది ఈ నెలాఖరుకి ఆఫీసులో చెప్పెయ్యాలట. తిరిగి రమ్మని అడగడానికి వెళ్తున్నాం."

"ఫోనులో అడగొచ్చుగా?"

"అడిగాను. బోలెడుసార్లు అడిగాను."

"మీరు కాదు అంకుల్. సర్ అడగలేదా అని."

"అతని బదులు నేనే కదమ్మా మాట్లాడేది. అతను పక్కన కూర్చుంటాడు, నేను స్పీకరు పెడతాను. అసలు అతని ఫోను కూడా నా జేబులోనే ఉంటుంది, ఎక్కడైనా పారేసుకుంటాడని. అక్కడికెళ్ళాక ఏం చెప్పాలో కూడా రాసుకుని బట్టీ పట్టాను. విను. 'దయచేసి వినండి. మన ఇల్లు నీ రాక కోసం ఎదురుచూస్తున్నది.' ఎలా ఉంది?"

"బస్సు వస్తున్నట్టుంది అంకుల్. మరి సర్ ఏమంటారు?"

"పక్కన నిలబడి తల ఊపుతాడు."

"ఊపుతాను."

"ఇద్దరం వెళ్తున్నాం."

"ఈ మాట ఒక్కసారే చెప్పారేం అంకుల్?"

"ఆఁ? ఏం లేదమ్మా, గొంతు ఎండిపోయింది."

"మామయ్యా, అదిగో, ఆ ఫ్యాను దగ్గర మైకులు పెట్టారు చూశారా? కొత్తరకంలా ఉన్నాయి."

"ఏవీ? ఎక్కడ? అవా! ఇదేం మైకు, సబ్బుపెట్టెలా ఉంది! ఉండు, చూసొస్తాను."

"అమ్మా, ఒక్క నిమిషం. మెల్లగా చెబుతాను, వినండి. రైలు చప్పుడు సంగతి వదిలెయ్యండి. రైలు చప్పుడంటే నాకిష్టమే."

"మరి దేని చప్పుడు ఆపాలి సర్?"

"అదిగో."

"ఏది, ఫ్యానా?"

"ఫ్యాను పక్కన."

"ఫ్యాను పక్కన అంకుల్ తప్ప ఎవరూ... ఓ."

"ఎదురు సీటు ఆయనదే."

"మంచివారిలాగే ఉన్నారు సర్."

"చాలా మంచివారు. ఆ మంచితనానికి తెరిపి ఉండదు, అంతే. నేను ప్రూఫులు దిద్దుకుంటుంటే కిటికీ దగ్గర నిలబడి, వీధిలో ఏ బండి ఎటు వెళ్తోందో చెబుతుంటారు. పాలవాడి సైకిలు బయలుదేరడానికి సిద్ధంగా ఉందని చెబుతారు."

"రెండుసార్లా?"

"రెండుసార్లు."

"సర్, ముందే చెప్పెయ్యడం మంచిది. ఇవి ఒకేలా మోగే చప్పుడునే బాగా ఆపుతాయి. ఫ్యాను, ఏసీ, ఇంజను, అలాంటివి. మనిషి గొంతు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది కదా, దాన్ని అంతగా ఆపలేవు. లోపల పాట పెట్టుకుంటే వినపడదు. పాట లేకపోతే వచ్చేస్తుంది."

"ఖరీదైనవైతే?"

"ఆ అద్దాల బీరువాలోవి కొంచెం నయం. ధర ఇదిగో."

"ధర చూడగానే చెవులు వాటంతటవే మూసుకుపోయాయమ్మా."

"అల్లుడూ! ఆ మైకులు దండగ. ఏమిటి గుసగుసలు?"

"బ్యాటరీ గురించి మామయ్యా."

"బ్యాటరీ ముఖ్యం. బ్యాటరీ ముఖ్యం. ఆఁ, కానీ అమ్మా, పెట్టి చూపించు."

"ఇవి చూడండి సర్. మెత్తగా ఉంటాయి, మడిచి సంచీలో పడెయ్యచ్చు."

"బాగున్నాయి. బాగున్నాయట అమ్మా."

"సర్ ఇంకా పెట్టుకోలేదు అంకుల్. రైలు చప్పుడు కావాలి కదా, ఒక్క నిమిషం, ఆ మిక్సీ ఖాళీ జారుతో తిప్పుతాను. అచ్చం ఇంజనులా ఉంటుంది."

"మిక్సీ ఎందుకమ్మా, రైలు చప్పుడు నేను చేస్తాను. ఇదిగో, బండి కదిలింది... ధడ్ ధడ్, ధడ్ ధడ్... వంతెన వచ్చింది..."

"అంకుల్, అంకుల్! అందరూ చూస్తున్నారు. ఆ పాప ఏడుస్తోంది."

"పాపా, ఏడవకు, స్టేషను వచ్చేసింది."

"మిక్సీ వేస్తున్నాను సర్. ఇప్పుడు ఆ పక్కనున్న మీట నొక్కండి."

"అబ్బ!"

"ఎలా ఉంది సర్?"

"మిక్సీ పోయింది. ఫ్యాను పోయింది. బయట రోడ్డు పోయింది."

"చెప్పానా!"

"లోకమంతా పోయిందమ్మా. మామయ్య ఒక్కరే మిగిలారు."

"ఏమిటి బాబూ, నేను వినపడుతున్నానా?"

"ఇంతకుముందుకన్నా బాగా వినపడుతున్నారు. మధ్యలో అడ్డం ఏదీ లేదు."

"మరేమనుకున్నావు! బస్సుల హారన్ల మధ్య నిలబెట్టుకున్న గొంతు ఇది!"

"డబ్బులిచ్చి మీ గొంతుకి మెరుగు పెట్టించినట్టుంది మామయ్యా."

"పోనీ సర్, చెవి లోపల పెట్టుకునేవి చూస్తారా? చిన్నవి, ధర కూడా తక్కువే. ఇదిగో, పెట్టుకోండి. కాకపోతే గట్టిగా నవ్వితే ఊడిపోతాయి."

"పర్లేదమ్మా, అతను నవ్వడు."

"ఊడిపోయింది సర్. ఇటు ఉంది, ఫ్రిజ్ కింద."

"నవ్వాడా! అల్లుడూ, నువ్వు నవ్వావా?"

"తుమ్మాను మామయ్యా."

"అదీ సంగతి. ఇవన్నీ కాదమ్మా, ఆ మొదటివే పెట్టు. పరీక్ష నేను చేస్తాను. నువ్వు అతనికి ఏదైనా పాట పెట్టు. నేను మాట్లాడుతుంటాను. నా మాట వినపడితే చెయ్యెత్తాలి. తెలిసిందా బాబూ? చెయ్యెత్తాలి."

"సరే మామయ్యా."

"పెట్టుకో. మీట నొక్కు. ఆఁ, ఇప్పుడు పాట."

"ఆగండి అంకుల్, మా ఫోనుకి ఇవి ఇంకా కలవలేదు..."

"దయచేసి వినండి! దయచేసి వినండి! తెల్లచొక్కా వేసుకున్న వ్యక్తి తన సామాను మరిచిపోయాడు... ఊహూఁ, చెయ్యెత్తలేదు."

"అంకుల్, పాట..."

"మా అల్లుడు వట్టి మొద్దు! మా అల్లుడు వట్టి మొద్దు! చూశావా, తల ఎలా ఊపుతున్నాడో! పాట హాయిగా ఉన్నట్టుంది."

"అది కాదు అంకుల్, పాట ఇంకా..."

"భలే వస్తువమ్మా! పక్కన పిడుగు పడ్డా తెలీదు. అయితే నీతో ఒక మాట చెబుతాను. నిన్నటి నుంచీ గొంతులో అడ్డం పడి ఉంది. ఇంట్లో చెప్పడానికి ఇంకెవరూ లేరు, ఇతను తప్ప. ఇతనికేమో చెప్పలేను."

"అంకుల్, వద్దు, ఒక్క మాట వినండి..."

"నువ్వు విను. మా అమ్మాయి నిన్న ఫోను చేసింది. ఇతను స్నానానికి వెళ్ళినప్పుడు. ఏమందో తెలుసా? 'నాన్నా, నువ్వు రావద్దు' అంది."

"అయ్యో."

"'ఆయన్ని ఒక్కణ్ణే పంపించు. పెళ్ళయినప్పట్నుంచీ ఆయన మాటలన్నీ నీ నోటితోనే విన్నాను. నేను కాపురం చేసింది ఆయనతోనా, మైకుతోనా? ఒక్కడూ వచ్చి, తన నోటితో రమ్మంటే వస్తాను. నువ్వు వెంట ఉంటే తలుపే తియ్యను' అంది."

"కోపంలో అని ఉంటారు అంకుల్."

"కోపం లేదమ్మా. మెల్లగా అంది. ఒక్కసారే అంది. నాకు ఒక్కసారికే వినపడింది."

"మరి సర్‌కి చెప్పలేదేం?"

"ఎలా చెప్పను? సంచీ సర్దుకున్నాను. కొత్త చెప్పులు కొన్నాను. వీధిలో అందరికీ చెప్పాను, ఒక్కొక్కళ్ళకీ రెండేసిసార్లు. అందుకని ఒక ఉపాయం ఆలోచించాను. ఇతనితోపాటు బండి ఎక్కుతాను. నీళ్ళ సీసా కొనుక్కొస్తానని దిగుతాను. బండి కదిలాక కింద నిలబడి చెయ్యి ఊపుతాను."

"సర్ గొలుసు లాగితే?"

"లాగడమ్మా. లాగాలా వద్దా అని నన్నే అడగాలని చూస్తాడు. ఈలోపు బండి వెళ్ళిపోతుంది."

"మరి మీరే వెళ్ళనప్పుడు ఈ హెడ్‌ఫోన్లు..."

"ఇవి రైలు చప్పుడుకి కాదని నాకు తెలుసులే. ఫ్యాను పక్కన నిలబడ్డా, ఇవి బస్టాండు చెవులు. పోనీ, కొనుక్కోనీ. ఎదురు సీటు ఖాళీగా ఉంటే ఇతనికి ఏమీ తోచదు. వీటిలో పాటైనా మోగుతుంది. ఇదిగో, ఇంకా ఊపుతూనే ఉన్నాడు పాపం. బాబూ! తీసెయ్, తీసెయ్. అయిపోయింది పరీక్ష."

"అయిపోయిందా మామయ్యా?"

"ఏమైనా వినపడిందా?"

"లేదు."

"ఒక్క ముక్క కూడా?"

"లేదు మామయ్యా."

"పాట ఎలా ఉంది?"

"బాగుంది."

"ఎవరు పాడారు?"

"ఆడగొంతు... కాదు, మగగొంతు."

"సర్, ఏమీ అనుకోకండి. నేను పాట పెట్టలేదు. ఫోను కలవనేలేదు."

"పెట్టలేదా?"

"చెబుదామనే చూశాను అంకుల్. మీరు చెప్పనివ్వలేదు."

"మరి ఇతను తల ఊపాడే!"

"మీరు మాట్లాడుతుంటే తల ఊపడం అలవాటైపోయింది మామయ్యా."

"మొద్దు అన్నప్పుడు కూడానా?"

"అప్పుడు కూడా."

"మరి... నీళ్ళ సీసా అన్నప్పుడు?"

"హెడ్‌ఫోన్లు ఇదిగోనమ్మా, తీసుకోండి."

"బాబూ, నీళ్ళ సీసా..."

"కొత్త చెప్పులు కొన్నానన్నారు కదా మామయ్యా. వాటితో పరుగున దిగడం కష్టం."

"సర్, ఇంతకీ ఇవి బిల్లు చెయ్యమంటారా? సర్? అంకుల్, మీరైనా చెప్పండి."

"నేను చెప్పనమ్మా. అతన్నే అడుగు."

"సర్?"

"నీలం రంగువి ఉన్నాయా?"

"ఉన్నాయి సర్."

"నీలం రంగువి ఇవ్వండి."

"నీలం నీకు... ఆఁ, ఇవ్వమ్మా, ఇవ్వు."

"మామయ్యా, నా ఫోను."

"ఇదిగో. నంబరు కలిపి ఇస్తాను, స్పీకరు..."

"వద్దు. నేనే కలుపుతాను."

"ముందుగా ఏం చెప్పాలంటే బాబూ..."

"మామయ్యా."

"సరే. సరే."

"మిక్సీ ఇంకా తిరుగుతూనే ఉంది, ఆపెయ్యనా సర్?"

"ఆపెయ్యండి... హలో. నేను. కాదు, మీ నాన్న కాదు, నేనే మాట్లాడుతున్నాను. దయచేసి విను. ఒక్కణ్ణే వస్తున్నాను. ఒక్కణ్ణే వస్తున్నాను."