నడుస్తున్న యంత్రంలోంచి తీసిన ముక్క

ఆసుపత్రి మెషీన్లు చూసి రిటైరైన బాబాయి నోరు విప్పితే ఆసుపత్రి వెనకాల టీ బంకులో టీ కూడా చల్లారడం మానేసి వింటుంది. ఆ వేళ, ఇప్పుడా మెషీన్లు చూసే అమ్మాయి మాత్రం గ్లాసు ముట్టకుండా వింటోంది. ఐదో వార్డు కంప్యూటర్‌ని లోపల్నుంచి నడిపించే కెర్నల్లోంచి, మాడ్యూల్ అనే పాడైన ముక్క ఒకటి ఇంకో గంటలో తీసెయ్యాలి. ఆ కెర్నల్ ఆగితే పన్నెండు మంచాల పక్కన గుండె చప్పుడు చూపించే తెరలన్నీ ఆగిపోతాయి.

"దాన్ని ఇంకా మూడు ప్రోగ్రాములు వాడుతున్నట్టు చూపిస్తోంది బాబాయ్. మామూలుగా తీస్తే రావట్లేదు."

"మూడేనా! మొదట్లో నేనూ చిన్నదే తీశాలే, ప్రింటర్‌ది. కాగితం అచ్చవుతూనే ఉంది, మాడ్యూల్ నా చేతికొచ్చేసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఈ ఐదో వార్డు మెషీన్లోనే, మూడొందల ప్రోగ్రాములు ఒకే మాడ్యూల్‌ని పట్టుకుని వేలాడుతున్నాయి. ఒక్కోదాన్నీ పేరుపెట్టి పిలిచి, వదలరా నాయనా అన్నాను. వదిలేశాయి!"

"అన్నీనా?" అన్నాడు టీ బంకాయన, పాలు పొంగుతున్నా చూసుకోకుండా.

"ఒక్కటి వదల్లేదు. వదలకపోయినా లాగెయ్యమని ఫోర్స్ కమాండ్ కొట్టాను. గడియారం టిక్కుకీ టిక్కుకీ మధ్య లాగేశాను. కెర్నల్ తూలింది, అరచెయ్యి అడ్డుపెట్టాను. ఊళ్లో రైళ్లు ఊపిరి బిగబట్టాయి. పైన తిరిగే ఉపగ్రహం ఆగి, వంగి చూసి, మళ్లీ కదిలింది. వార్డులో ఒక్క తెర కూడా రెప్ప వెయ్యలేదు!"

అమ్మాయికి ప్రాణం లేచొచ్చింది. ఫోర్స్ కొడితే సరిపోతుందన్నమాట. లేవబోయింది.

ఫ్లాస్కులో టీ పోయించుకుంటున్న పెద్ద నర్సు ఇటు తిరిగింది.

"ఆ రోజు ఆ వార్డులో డ్యూటీ నాదే అన్నయ్యా. పన్నెండు తెరలూ ఒక్కసారే నల్లబడ్డాయి. మేం నర్సులం ముగ్గురమే. తొమ్మిది నిమిషాలు మంచం నుంచి మంచానికి పరిగెడుతూ చేత్తో నాడి పట్టుకు చూశాం. ఇప్పటికీ ఈ వేళ్లకి ఆ మణికట్లు తెలుస్తూనే ఉంటాయి."

టీ బంకాయన పొంగిన పాల కింద మంట తగ్గించాడు.

"ఎవరికీ ఏం కాలేదుగా?" అన్నాడు బాబాయి.

"కాలేదు. అది మీ చలవ కాదు."

బాబాయి గ్లాసు పక్కన పెట్టి అమ్మాయి వైపు తిరిగాడు. "ఆ రోజు వేలాడినవి మూడంటే మూడేనమ్మాయ్. మూడొందలు కోత. ముందు కొత్త ప్రోగ్రాములేవీ మాడ్యూల్లోకి రాకుండా తలుపు మూసెయ్. లోపలున్నవాళ్లని పని ముగించుకుని రానీ. వాడేవాళ్ల లెక్క సున్నా అయినా నమ్మకు, అలారం పెట్టుకుని నిద్రపోయేవాడొకడు ఉంటాడు. వాడు లేచేసరికి ఇల్లుండదు, కెర్నల్ కూలుతుంది. వాడి అలారం కూడా తీసేశాకే మాడ్యూల్ తియ్యి. నేను ఆగలేదు."

"ఎంతసేపు ఆగాలి బాబాయ్?"

బాబాయి నర్సు వైపు చూశాడు.

"తొమ్మిది నిమిషాలైనా ఆగు తల్లీ," అంది నర్సు, ఫ్లాస్కు మూత బిగిస్తూ. "ఈసారి తెరలు వెలుగుతూనే ఉంటాయిగా."