చీమ మీసాల దాకా ఫోకస్

కెమెరాతో పాటు అద్దె కంపెనీ పంపిన అసిస్టెంటుని యూనిట్లో అందరూ సీనియర్ అంటారు. పనిలో సంగతేమో గానీ, కోతలు కోయడంలో ఆయన్ని మించినవాళ్లు లేరు. భోజనం కాగానే స్టూడియో గేటు పక్క టీ కొట్టులో బెంచీ ఆక్రమించి, లెన్సు వెనకుండే రింగుని వదులు చేసే అలెన్ కీని వేళ్ల మధ్య తిప్పుకుంటూ కూర్చున్నాడు. ఆ కీ కోసమే, షాట్‌లో ముఖాలు మసకబారకుండా లెన్సు తిప్పే ఫోకస్ పుల్లర్ అరగంటగా ఆయన చుట్టూ తిరుగుతోంది.

పాపం, ఆమెకి ప్రాణం విసిగిపోయింది. మూడు రోజులుగా టేపు పెట్టి కొలిచి, ఎనిమిదడుగులంటే లెన్సు మీద ఎనిమిదే పెడుతోంది. అయినా తెర మీద హీరోయిన్ ముఖం మసక, వెనకున్న బీరువా తళతళ. లెన్సుకీ లోపలి సెన్సరుకీ మధ్య దూరం వెంట్రుకవాసి తేడా వస్తే చాలు, లెన్సు మీది అంకెలన్నీ అబద్ధాలైపోతాయి. ఆ దూరం సరిచేయడాన్నే బ్యాక్ ఫోకస్ అంటారు. అది ఒకసారి చూస్తానంటే సీనియర్ చెయ్యి పెట్టనివ్వడు. "కళ్లు కనపడకపోతే అద్దాలు పెట్టుకో" అని కెమెరామన్ నిన్న అందరి ముందూ అనేశాడు, రేపటికి వేరే పుల్లర్ని రమ్మన్నాడు కూడా. ఆ కెమెరామన్ ఇప్పుడు వెనక బెంచీ మీదే ఫోన్ చూసుకుంటూ టీ తాగుతున్నాడు.

"బాబాయ్, ఆ కీ ఒక్క పది నిమిషాలు ఇవ్వు."

"ఆగమ్మాయ్! బ్యాక్ ఫోకసంటే ఆషామాషీ అనుకున్నావా? ఒకసారి అవుట్‌డోర్‌లో ఉన్నాం, ఫోకస్ సరిచూసుకునే చార్టు తేవడం మర్చిపోయారు, అందరూ తలలు పట్టుకుని కూర్చున్నారు, నేనేం చేశానంటే, గోడకి పాత పేపరొకటి అంటించి, ఆ అక్షరాలు చూస్తూ రింగు సరిచేసి పారేశా."

"అది మేమూ చేస్తాంలే," అన్నాడు పక్కనే టీ తాగుతున్న లైట్‌మన్.

అంత మాట పడ్డాక సీనియర్ ఊరుకుంటాడా?

"గోడంటే పక్క గోడనుకున్నావా? ఏటికి అవతలి గోడ! పేపరు చదువుతున్నానా, దాని మీద ఓ చీమ పాకుతోంది, దాని మీసాలు కనపడ్డాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అందులో ఒకటి నెరిసిపోయి ఉంది!"

"చీమకా?" డ్రైవర్ చేతిలో టీ ఒలికింది.

"ముసలి చీమయ్యా! అది సరే, హీరో వచ్చి నిలబడ్డాడు, పేజీన్నర డైలాగు, నోట ఒక్క ముక్క రావట్లేదు. కంట్లోకి జూమ్ చేసి చూద్దును కదా, మర్చిపోయిన డైలాగంతా లోపల వరసగా ఉంది! నేను చదువుతుంటే ఆయన చెప్పేశాడు. ఆ తర్వాత? రెండో వాక్యంలో తప్పుంటే రైటర్ని పిలిచి దిద్దించా!"

బెంచీ బెంచీ గొల్లుమంది. ఫోకస్ పుల్లర్‌కి మాత్రం ఒళ్లు మండిపోయింది. బ్రేకు పావుగంటే మిగిలింది, తన ఉద్యోగం పోతోంది, వీళ్లకి చీమ మీసాలు కావాల్సి వచ్చాయి.

"బాబాయ్, నీకు దణ్ణం పెడతాను, ఆ కీ..."

"అసలు కిటుకు విను మరి! మిట్టమధ్యాహ్నం, ఎండకి కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. లెన్సులో వెలుతురొచ్చే కన్నం ఉంటుందే, ఐరిస్, దాన్ని సూది బెజ్జమంత మూసేశా. ఇక చూస్కో నా సామిరంగా! రింగు కుడికి తిప్పినా, ఎడమకి తిప్పినా, ముక్కు దగ్గర్నుంచి మబ్బు దాకా అంతా ఒకటే స్పష్టం. ఆ హస్తవాసి ఇంకెవరికుంది?"

ఆమె కీ మాట వదిలేసి ఆయన ఎదురుగా కూర్చుంది. తర్వాత మెల్లగా అడిగింది.

"మన కెమెరాకీ ఇలాగే చేశావా బాబాయ్?"

"మరి! మొదటి రోజు పొద్దున్నే, ఈ చేత్తోనే. ముప్పై ఏళ్ల పద్ధతి!"

వెనక బెంచీ మీద కెమెరామన్ ఫోన్ పక్కన పెట్టేశాడు. ఐరిస్ మూస్తే తప్పు ఫోకసు కూడా ఒప్పుగానే కనపడుతుందని, బ్యాక్ ఫోకస్ చూసేటప్పుడు దాన్ని పూర్తిగా తెరవాలని ఆయనకి వేరే చెప్పక్కర్లేదు.

"రేపటి మనిషిని రావొద్దని ఇప్పుడే చెప్తానమ్మా," అన్నాడు ఆమె ముఖంలోకి చూడలేక. "నిన్న నోరు జారాను."

సీనియర్‌కి ఇంకా ఎక్కలేదు. "అదేంటి సార్, కథ సగంలో ఉంటేనూ..."

"అంతా అయిపోయింది బాబాయ్," అంది ఆమె లేచి. "ఐరిస్ అంత మూశాక ఆ రింగు నువ్వు తిప్పినా ఒకటే, నీ ముసలి చీమ తిప్పినా ఒకటే!"