తాళం మాటలు

బరంపురం గిరి రోడ్డులో మందుల దుకాణం మీద ఒక అద్దె గది. భర్తను వదిలి వచ్చేసిన సాయిపద్మ నేల మీద కూర్చుని తీగలు బిగిస్తోంది. అత్తగారు బాలాంబ దిగపహండి నుంచి బస్సులో వచ్చి, మెట్లెక్కిన ఆయాసం తీరకుండానే మాట్లాడుతోంది.

"అది కాదే సాయీ, వాడు సెప్పింది పూర్తిగా ఇను. నీ లెక్కల సానల్ తిరిగిచ్చేత్తాడట. పాటాలన్నీ ఇచ్చేత్తాడట. నువ్వు ఇంటికొస్తే సాలట."

"నా పాఠాలు నాకివ్వడానికి ఆయనెవరు అత్తమ్మా?"

"నీ మొగుడు."

"అందుకే కదా వొచ్చేసినాను."

"ఎటకారాలొద్దు. దారి పొడుగునా నిలబడొచ్చినాను."

"మంచం మీద కూకోండి మరి. ఆ తీగ తొక్కకండి."

"ఏటిది? టిపిను డబ్బాలాగున్నాది."

"కంప్యూటరు."

"మరి దీని మొహమేదే?"

"మొహం నా ఫోన్లో కనిపిస్తాది. పనంతా ఇది సేస్తాది. నా పాఠాలు, నా ఫొటోలు, నాకొచ్చే మెసేజీలు, అన్నీ ఇందులోనే ఉంటాయి. ఈ గదిలోనే."

"మునుపెక్కడుండేవి?"

"ఎవరిదో కంపెనీలో. ఫోన్ నంబరు ఎవరిదైతే యజమాని వాళ్లేనంటారు. నంబరు మీ అబ్బాయిది. లెక్కలు సెప్పింది నేను. అస్కా నుంచి, ఛత్రపూర్ నుంచి పిల్లలు 'సాయి దీదీ' అని రాసింది నాకు. నేను గుమ్మం దాటిన మర్నాడే పాస్‌వర్డు మార్చేసినాడు. ఇప్పుడు నా పేరుతో ఆయనే జవాబులు రాస్తన్నాడు. సూసినారా?"

"సూడలేదు."

"తప్పుల లెక్కలు సెప్తన్నాడు అత్తమ్మా. నా పేరు మీద!"

"కంపినీ వోలకి సెప్పకపోయినావా?"

"సెప్పినాను. 'మీరే సాయిపద్మ అని రుజువేటి' అన్నారు. నన్ను! రుజువు పంపితే, 'ఆ నంబరుకి ఒక కోడ్ పంపినాం, అది సెప్పండి' అన్నారు. కోడ్ ఎవరికెల్లింది?"

"వాడికే."

"మరింకేటి."

"అయితే ఈ డబ్బాలో నీకు పేరెవరిచ్చినారు?"

"ఎవరూ ఇవ్వలేదు. పొద్దున్న నేనే పుట్టించుకున్నాను. దానికి కొన్ని మాటలొచ్చినాయి, వరసగా. తాళం మాటలు. అవి ఎవరికి తెలిస్తే ఆ పేరు వాళ్లది. నాకొక్కర్తికే తెలుసు."

"ఏటా మాటలు?"

"సెప్పను."

"నాకూనా?"

"మీక్కూడా."

"ఓలమ్మ! మరిసిపోతేనో?"

"పోయినట్టే. కంపెనీ లేదు, హెల్ప్‌లైన్ లేదు, కాళ్లట్టుకుందామంటే ఎవరూ లేరు."

"అలగైతే ఏటే లాభం?"

"పోతే నా సేతిలోంచే పోతాది. ఇంకొకరు లాక్కోలేరు. అదే లాభం."

"తుపానొచ్చి కరెంటు పోతే?"

"పెట్టె పడుకుంటాది. కరెంటొస్తే లేస్తాది. ఛత్రపూర్‌లో నా నేస్తం గాయత్రి ఇంట్లో ఇంకో కాపీ ఉంటాది. దానికీ తాళమే, గాయత్రి కూడా తెరవలేదు."

"అన్నిటికీ జవాబున్నాది. మరి నీ డబ్బాకి ఎంతమంది వొస్తన్నారు?"

"ఇద్దరు."

"ఇద్దరా! అక్కడ ఊరూరి పిల్లలూ సూసేవోరు."

"ఇక్కడ ఇద్దరే. గాయత్రొకర్తి. అస్కా పిల్ల రింకి ఒకర్తి. 'దీదీ, ఇది నిజంగా మీరేనా' అని అడిగింది."

"ఏటన్నావు?"

"లెక్కొకటి సేసి పంపమన్నాను. పంపింది. తప్పేటో సెప్పకుండా, ఎప్పట్లాగే 'మూడో వరస మళ్లీ సూడు' అన్నాను. 'అయితే మీరే' అంది."

"ఇద్దరి కోసం ఇంత పంతమా?"

"ఒక్కరు లేకపోయినా ఇంతే. మీ ఫోన్ మోగతంది."

"మోగనీ."

"ఆయనేనా?"

"మోగనీ అన్నాను కదే."

"ఏటైనాది అత్తమ్మా? మొహం అలగెట్టినారేటి?"

"ఏటీ లేదు. ఒకటడుగుతాను. నా ఫోను కూడా వాడే కదా పెట్టింది?"

"ఆయనే. మీ మెసేజీలు ఆయన ల్యాప్‌టాప్‌లోనూ తెరుచుకుంటాయి. అప్పుడే సెప్పినాను మీకు."

"సెప్పినావు. కొడుకు కదా అని ఊరుకున్నాను. మా సెల్లి బుల్లమ్మ నాతో మాటాడ్డం మానేసింది. మొన్న పెళ్లిలో కనిపించి మొహం తిప్పుకున్నాది. సెయ్యట్టుకుని అడిగినాను. ఫోన్ తీసి సూపించింది. 'నా గడప తొక్కకు' అని ఉన్నాది. నా పేరుతో. నా ఫొటోతో."

"మీరు రాయలేదా?"

"నాకు ఫోన్లో అచ్చరాలు కొట్టడమొచ్చేటే! మాటాడ్డమే కదా వొచ్చు!"

"మరి బుల్లమ్మ పిన్ని అంటే ఆయనకెందుకంత..."

"నీ తరపున మాటాడింది. నీ పాటాలు నీకిచ్చెయ్యమని వాడిని నిలదీసింది. అందుకు."

"ఆయన్ని అడిగినారా?"

"అడిగినాను. 'నీ మంచికే అమ్మా' అన్నాడు."

"నాకూ ఆ మాటే సెప్పినాడు."

"మళ్లీ మోగతంది దిక్కుమాలింది. దీన్ని కట్టేడం ఎలగే?"

"ఇక్కడ నొక్కి పట్టుకోండి. ఇంకాసేపు. ఆఁ."

"సచ్చింది. ఇప్పుడు నాకూ ఓ పేరు పుట్టించు."

"నిజంగానా?"

"బుల్లమ్మతో నా గొంతుతో నేను మాటాడాల. మజ్జిలో ఎవడూ ఉండకూడదు."

"నా పాత ఫోన్లో పెడతాను, ఉండండి. ఇదిగో, మాటలొస్తన్నాయి. తెలుగులోనే పెట్టినాను. నేను అటు తిరుగుతాను."

"నువ్వూ సూడవా?"

"నేనూ సూడకూడదు. అయ్యయ్యో, గట్టిగా సదవకండి!"

"సరే, సరే. లోపలే సదువుకుంటాను."

"మరిసిపోరు కదా?"

"నోముల కతలన్నీ నోటికొచ్చు నాకు. ఇదెంత. ఐనాది, ఇటు తిరుగు. ఇప్పుడేటి?"

"పిన్నికి లింకు పంపినాను. ఇది నొక్కి మాటాడండి."

"బుల్లీ, నేనే. ఆ ముక్క నేను రాయలేదే. నా గడప నీది కాకపోతే ఇంకెవరిదే? ఇనగానే మాటాడు. సాలా సాయీ?"

"సాలు. ఎల్లింది. సూడండి, విన్నాది అప్పుడే. ఏటో మాటాడతంది కూడా."

"పెట్టు, పెట్టు."

"ఏడుస్తంది అత్తమ్మా."

"దానికి సిన్నప్పట్నుంచీ అంతే. ఏడిసినాకే మాటాడుతాది. ఉండనీ, తెరిసే ఉంచు."

"దిగపహండి బస్సు ఎల్లిపోతాది మరి. స్టాండు దాకా నేనూ వొస్తాను. ఇంటికెల్లినాక ఆయనకొక్క మాట సెప్పండి, సాయి రానన్నాదని."

"నేనెలగ సెప్తానే?"

"ఎందుకు సెప్పలేరు? మిమ్మల్ని పంపింది అందుకే కదా."

"పిచ్చిదానా, నిన్ను తీసుకొస్తానంటేనే కదా వాడు నన్ను గుమ్మం దాటనిచ్చింది! ఇంక ఆ బస్సు ఎక్కుతానా నేను?"