కరక్కాయ తెలుపు

పెదనలో కలంకారీ అచ్చులు వేసేవాళ్ళ పెరడు. మోపెడ్ లైసెన్సు ఫొటో కోసం ఆమె రెండోసారి స్టూలెక్కి కూర్చుంది. అడిగి తెచ్చిన కెమెరా మొగుడి చేతిలో ఉంది.

“ఆడదానికి మోపెడ్ ఒకటి, దానికో లైసెన్సు. కదలకు.”

“వెనకాల తెల్లగుడ్డ ఉండాలని ఆఫీసులో అన్నారు గదండీ.”

“కట్టాగా.”

“అది అచ్చుకి ముందు కరక్కాయ నీళ్ళలో ముంచిన గుడ్డ. పచ్చగా ఉందనేగా మొన్నటి ఫొటో తిప్పికొట్టారు.”

“అచ్చు పడని గుడ్డేదైనా తెల్లగుడ్డే. మా తాత నాటినుంచీ అంతే. ఆఫీసులో కూర్చునేవాడికేం తెలుసు రంగుల సంగతి? నీకసలే తెలీదు.”

“దండెం మీద మీ పంచె ఉంది. అది కట్టండి.”

“నా పంచె నీ వెనకాలా? ఊళ్ళో నవ్వరూ?”

“బందరుకి సరుకేసుకుని బయల్దేరి, మోపెడ్‌తో సహా కాలవలో పడ్డారే, నవ్వాల్సినవాళ్ళు అప్పుడే నవ్వారు. ఆ రోజు మీరు కట్టుకున్నది ఆ పంచే. బురదంతా వదిలించి తెల్లగా ఉతికింది నేనే.”

అతను కెమెరా అరుగు మీద పెట్టి, పంచె తెచ్చి కట్టాడు. మళ్ళీ కెమెరా అందుకున్నాడు.

“నవ్వకు. లైసెన్సు ఫొటోలో నవ్వకూడదు.”

“లైసెన్సు వచ్చాకే నవ్వుతాన్లెండి. మీరు ఆ కెమెరానైనా పడెయ్యకుండా పట్టుకోండి.”