ఆషాఢంలో గ్లౌజులు

జులై చలి. ఆస్ట్రేలియాలో, గంగాలిన్‌లోని ఓ వంటింట్లో తల్లీ, యూనివర్సిటీలో చదివే బిడ్డా ఉన్నారు.

"హీటర్ వేసే ఉందిగా, గ్లౌజులెందుకురా?"

"చలేస్తోందమ్మా."

"ఊఁ. ఆషాఢమని నానబెట్టిన గోరింటాకు సగమైంది. నువ్వేమైనా చూశావా?"

"లేదు."

"యూనీలో రీసెర్చ్ కోసం బ్రెయిన్ స్కాన్ తీశారన్నావు. ఆడ మెదడో మగ మెదడో తేలిందా?"

"స్కాన్ చూసి చెప్పలేరట. అబ్బాయా, అమ్మాయా అని మమ్మల్నే అడిగి ఫామ్‌లో రాసుకున్నారు."

"నువ్వేం రాయించావు?"

"తర్వాత చెప్తా."

"మగపిల్లాడివి, చిన్నప్పుడు కార్లతోనే ఆడుకున్నావు!"

"నువ్వు రోజూ ఆఫీసుకి కారు నడపట్లేదా?"

"మాట మార్చకు. గ్లౌజులు తియ్యి."

"ప్లీజ్, అమ్మా..."

"తియ్యమన్నానా!"

"ఇదిగో. తిట్టు."

తల్లి ఆ ఎర్రటి వేళ్ళను తన చేతిలోకి తీసుకుంది.

"చిటికెన వేలు సరిగ్గా పండలేదు. కూర్చో తల్లీ, నేను పెడతా."