కాన్పుల వార్డుకు దారి అడగని డాక్టరమ్మ

1996 జూన్ పదిహేడవ తేదీ ఉదయం డాక్టర్ అమరావతి గారు మా ట్రస్టు వారి కుప్పం శాఖాసుపత్రిలో ఎముకల శస్త్రవైద్యురాలిగా చేరారు. ఏడాది ముందే అక్కడ మత్తు వైద్యునిగా చేరిన నేను, వారి చేతిలోని నియామక పత్రాన్నైనా చూడకుండా, "కాన్పుల వార్డు ఆ పక్కనమ్మా" అని, వారు అడగని దారి చూపించాను. వారు నవ్వి, "ఎముకల వార్డు యాడుండాది సార్?" అన్నారు. ఆనాడు నాకు ముఖం చెల్లలేదని ఈ వీడ్కోలు సంచిక ముఖంగా ఒప్పుకుంటున్నాను.

స్త్రీవైద్యమో, పిల్లల వైద్యమో తీసుకొమ్మని ఆచార్యులు ఎంత హితవు పలికినా, కలికిరి వైపు మెట్ట రైతు ఇంట పుట్టిన అమరావతి గారు తమ అభీష్టాన్నే అనుసరించారు. కుప్పంలో తొమ్మిదేళ్లు, పుంగనూరులో ఎనిమిదేళ్లు సేవలందించి, 2013లో, అప్పటికే నేనున్న మదనపల్లె ప్రధానాసుపత్రికి విచ్చేశారు. నాలుగు గంటలు నిలబడి తొడ ఎముక అతికించి, ఆ వెంటనే మెట్లెక్కి ఓపీకి వెళ్లే వారిని చూస్తే, కూర్చుని పనిచేసే నాకు నడుము నొప్పి అని చెప్పుకోవడానికే సిగ్గేసేది.

శిక్షణకు వచ్చే హౌస్ సర్జన్లకు పని పట్టిక వేసే బాధ్యత నాది. అమ్మాయిలకు సులువని కాన్పుల వార్డు, అబ్బాయిలకు ఎముకల వార్డు వేసేవాడిని. అది దయ అనే నమ్మాను. 2017లో ఒకనాడు వారు ఆ పట్టికను నా ముందుంచి, "కంటితో చూడనిదాన్ని వీళ్లెట్లా కోరుకుంటారు సార్?" అన్నారు. మరుసటి నెల నుంచి చీట్లు తీసి పట్టిక వేశాను. తొలి చీటీతో ఎముకల వార్డుకు వెళ్లిన అమ్మాయి భవ్య.

శిక్షణ ముగిసే వారంలో, పీజీలో ఎముకల వైద్యమే చదువుతానని భవ్య పట్టుబట్టింది. టమాటా మండీ వ్యాపారి అయిన తండ్రి రెడ్డెప్ప గారు ససేమిరా అన్నారు. చర్మవైద్యమైతేనే చదివిస్తానని, పీజీ సీటుకు ఐచ్ఛికాలు ఇచ్చే గడువు రెండు రోజులుండగా, తగవుకు ఆసుపత్రికే వచ్చారు. "ఆడబిడ్డకు ఈ మోటు పని యాలమ్మా?" అన్నారు. అమరావతి గారు వాదించలేదు. "కూర్చోప్పా, ఓపీ అయినంక మాట్లాడదాం" అన్నారు.

అంతలో సోమల నుంచి గోవిందప్ప అనే రైతు భుజం కీలు తప్పి వచ్చాడు. "మొగ డాక్టరు లేడా? ఆడోళ్లు యాడ లాగతారు?" అన్నాడు. రెడ్డెప్ప గారు అవునన్నట్టు తలూపారు. ఎక్స్‌రే చూసిన అమరావతి గారు భవ్యకు సైగ చేసి, తాము రెండడుగులు వెనక్కి జరిగారు. భవ్య అతని మోచేయి పట్టి, నెమ్మదిగా తిప్పుతూ, ఆవులెన్ని, పాలెన్ని అని మాటల్లో పెట్టింది.

"మాటలు సాలుగానీ, లాగేదెప్పుడమ్మా?"

"అయిపాయనప్పా. భుజం తడిమి సూసుకో."

గోవిందప్ప తడుముకున్నాడు. రెడ్డెప్ప గారు నోరు తెరిచి కూతురి చేతులను చూశారు. నేను అమరావతి గారిని చూశాను. ఇరవై ఏళ్లుగా వారిని ఎరిగి ఉండి కూడా, ఒక మాటైనా అనకుండా వెనక్కి జరగడంలో ఇంత బలముంటుందని నేనెరుగను. ఆ సాయంత్రం ఐచ్ఛికాల్లో ఎముకల వైద్యాన్ని మొదట పెట్టించింది రెడ్డెప్ప గారే.

వచ్చే ఒకటో తేదీన, పదవీ విరమణ చేస్తున్న అమరావతి గారి స్థానంలో, ఎముకల వైద్యంలో పీజీ ముగించిన డాక్టర్ భవ్య గారు బాధ్యతలు స్వీకరిస్తున్నారు. అమ్మా, ఏ ఊతమూ అక్కరలేని నడకతో, ఆయురారోగ్యాలతో తమరు నిండు నూరేళ్లు వర్ధిల్లాలి. ఎప్పుడైనా మోకాలు నొచ్చి ఇటు వస్తే, గేటు దగ్గర నేనే ఎదురొస్తాను. ఈసారి దారి సరిగ్గా చూపిస్తాను.

— డాక్టర్ దేవరాజులు, మత్తు వైద్యులు