వెనక్కి పిలిచే బూర

ఆ బూర దించకమ్మా ఇల్కా, మేకుకే ఉండనీ. మేయరుగారు బండి పంపారు, తెలుసు, చక్రాల చప్పుడు విన్నాలే. కౌంట్ దొర విగ్రహం మీద గుడ్డ లాగేటప్పుడు ముసలి తాత బూర ఊదాలి, అంతేగా? అదీ వెనక్కి రమ్మనే పాటే కావాలట! ఎవడికి పుట్టిందో ఆ బుద్ధి. కూర్చో. బండి ఎక్కడికీ పోదు.

ఆ కౌంట్ ఒడోన్ దొరని నువ్వు చూళ్ళేదు. పదిహేడేళ్ళకే హుస్సారు గుర్రపు దండులో చేరాడు, ఇరవయ్యారుకి కెప్టెన్. ఆయన తాత జనరల్ కదా మరి, వాళ్ళు మెట్లెక్కక్కర్లేదు, ఎత్తి పైన కూర్చోబెడతారు. కానీ అబద్ధమెందుకు, గుర్రమంటే ప్రాణం ఆయనకి. పట్నం రౌతులొద్దు, మన మైదానంలో గుర్రాలు మేపేవాళ్ళే కావాలని మా అన్న ఆండ్రాష్‌నీ నన్నూ పట్టుకుపోయాడు. మనవాళ్ళ విద్య తెలుసుగా, చెట్టూ చేమా లేని నేల, గాలివానొస్తే గుర్రాన్ని పడుకోబెట్టి దాని చాటున నక్కుతాం. దొర అది చూసి మురిసిపోయి దళమంతటికీ నేర్పించాడు. ఇంకోటి ఆయన సొంతం. రోజూ కవాతయ్యాక రౌతులు దిగి గుర్రాల్ని వదిలేస్తే, నేను వెనక్కి రమ్మనే పాట ఊదాలి. గుర్రాలొచ్చి వరసలో దేని చోటులో అది నిలబడగానే, దొర తెల్ల తొడుగులు తీసేసి తన చేత్తో గుప్పెడేసి దాణా పెట్టేవాడు. పక్క దళం దొరలు "ఏమయ్యా ఒడోన్, పెళ్ళిభోజనాలా?" అని ఎకసెక్కాలు. మా అన్నేమో, "ఒరే గెర్గెయ్, నీ బూర వినిపిస్తే నా గుర్రం ఫెచ్కె నన్ను కూడా వదిలేస్తుందిరా" అనేవాడు. నవ్వులాటకే అన్నాడమ్మా.

ప్రష్యావాళ్ళతో యుద్ధం. గోధుమ చేలోకి దూకాం, దొర గుర్రం మొదట్లోనే కూలింది, కాలు విరిగింది ఆయనకి. నేను దిగి ఆయన్ని పట్టుకున్నా. మిగతావాళ్ళు ముందుకెళ్ళిపోయారు. ఒకటే పొగ, ఏమీ కనపడదు. అవతల తుపాకుల వాన, తలదాచుకోను గట్టు కూడా లేదు. ఏం చేస్తారు మనవాళ్ళు? నేర్చిందే చేశారు. గుర్రాల్ని పడుకోబెట్టి వాటి చాటున పడుకున్నారు. ఆ సంగతి మాకేం తెలుసు? "అంతా చచ్చిపోతార్రా, ఊదు, వెనక్కి పిలువు!" అన్నాడు దొర. ఊదాను. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ ఊదలేదు.

డెక్కల చప్పుడు వినపడింది. దొర నవ్వాడు తల్లీ. "వస్తున్నారు" అన్నాడు.

వచ్చాయి. ఎనభై మూడు గుర్రాలు. ఒక్క జీను మీదా మనిషి లేడు. ఎప్పట్లాగే వరస కట్టి, ఎవరి చోట్లో వాళ్ళన్నట్టు నిలబడి, దొర వైపు మెడలు చాచాయి. ఆయన చేయి దానంతటదే తొడుగు తీసేస్తోంది, నేను చూశా. అప్పుడు మొదలైంది అవతల మళ్ళీ కాల్పులు. చాటు లేని మనుషుల మీద. ఫెచ్కె వచ్చి నా అరచేతిలో మూతి పెట్టి వెతుక్కుంటోంది.

చివరి మనిషిదాకా మా దళం వెనక్కి తిరగలేదని సర్కారు కాగితంలో రాశారు. నిజమేగా, తిరగలేదు. దొరకి పతకమిచ్చారు, మేజర్ని చేశారు. కాలు అతకగానే కత్తి ఇచ్చేసి, కొలువు మానేసి ఇంటికొచ్చేశాడు. ఒకే ఒక్కసారి అడిగాడు, "గెర్గెయ్, ఊదమంది నేనేగా?" అని. మీరే దొరా అన్నాను. కానీ ఊదింది...

ఆ బండికి కట్టిన గుర్రం పొద్దుట్నుంచీ అలాగే నిలబడుందా? కళ్ళెం తీసి కాసిని నీళ్ళు పెట్టమ్మా దానికి. నేను నడిచే వస్తా. ఉత్త చేతుల్తో.